ఆయన గడ్డం గీయించుకుని వచ్చేదాకా

పదేళ్ళ క్రితం గోదావరి గౌతమీ పాయ మీది ఒక రేవులో, మంచు ఇంకా నీటిని వదలని వేళ, ఒక వృద్ధుని ముఖాన్ని చాలా దగ్గర నుంచి ఫొటో తీశాను. ఆయన వంటి మీద చొక్కా లేదు. నాలుగైదు రోజుల తెల్లగడ్డం ఉంది. నోట్లోని చుట్ట పొగకు కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి. చిన్నతనంలో కాలువ గట్టున నడుస్తూ, భుజానికి తాడు కట్టుకుని పడవలు లాగిన మనిషి ఆయన. కెమెరా చూడగానే, "గెడ్డం గీయించుకుని, చొక్కా తొడుక్కుని వత్తానండి బాబూ, ఓ గంట ఆగండి" అన్నారు. "వద్దు తాతా, నువ్వు ఇలాగే బాగున్నావు" అన్నాను నేను. ఆయన నన్ను 'అండి' అంటుంటే నేను ఆయనను 'నువ్వు' అన్న సంగతి అప్పుడు నాకు తట్టనైనా లేదు.

ఆ ఫొటోను నలుపు తెలుపుల్లోకి మార్చి, ప్రతి ముడతా కత్తితో గీసినట్టు కనిపించేదాకా పదును పెట్టి, 'కాలం గీసిన గీతలు' అని పేరు పెట్టి ఒక పోటీకి పంపాను. బహుమతి వచ్చింది. మరుసటి ఏడు ఒక ప్రింటు పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాను. ఆయన కూతురు దానిని అందుకుని, కొంతసేపు చూసి, "మా నాన్నకి చొక్కాలు లేవనుకున్నారాండీ?" అని అడిగింది. ఆయన మాత్రం ఏమీ అనలేదు. ఫొటోను చేతిలోకి తీసుకుని, బోర్లా తిప్పి మంచం మీద పెట్టారు.

వృద్ధుల ఫొటోల గురించి నేను ఈ పదేళ్ళలో ఆలోచించినదంతా ఆ ప్రశ్నలోంచి వచ్చినదే. తన ఫొటోలు వందల కొద్దీ ఉన్న మనిషిని ఫొటోగ్రాఫరు తనకు నచ్చినట్టు తీసుకోవచ్చు. కానీ జీవితం మొత్తంలో ఒకటో రెండో ఫొటోలు మాత్రమే మిగలబోయే మనిషి విషయంలో ఆ ఫొటో ఎలా ఉండాలో నిర్ణయించే హక్కు ఆయనది, ఫొటో తీసేవాడిది కాదు. ఇది మర్యాదకు మాత్రమే సంబంధించిన మాట కాదు. అలా తీసిన ఫొటోయే ఫొటోగానూ మెరుగైనదని నేను నమ్ముతున్నాను, ఆ నమ్మకానికి కారణాలు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

డెల్టాలో ఫొటోలు తీసేవాళ్ళందరికీ పరిచయమైన ఒక బాణీ ఉంది. సెలవునాడు తెల్లవారుజామున బృందంగా బయలుదేరడం, రేవు దగ్గరో, కొబ్బరికాయలు వలిచే చోటనో, కల్లందగ్గరో ఒక ముసలాయనను వెతికి పట్టుకోవడం, చుట్టూ నలుగురు నిలబడి ముఖం మీదికి లెన్సులు పెట్టడం, చేతిలో ఒక యాభై నోటు పెట్టి వచ్చేయడం. ఇంటికి వచ్చాక కంప్యూటరులో 'క్లారిటీ' అనే మీటను కుడివైపుకు జరుపుతారు. అది చేసే పని నడిమి ఛాయల్లో వెలుగునీడల తేడాను పెంచడం. అంటే చర్మం మీది ప్రతి గీతా ఉన్నదానికంటే లోతుగా, ప్రతి మచ్చా ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తుంది. నలుపు తెలుపులకు మార్చేటప్పుడు ఎరుపును తగ్గించి నీలాన్ని పెంచితే ఆ తీవ్రత ఇంకా హెచ్చుతుంది, ఎందుకంటే చర్మంలోని ఎరుపుదనం అంతా నల్లబడిపోతుంది. ఎర్రని వెలుగును పట్టలేని తొలితరం ఫిల్ములు మనుషుల ముఖాలను సరిగ్గా ఇలాగే మొరటుగా చూపించేవి. ఆ లోపాన్ని సరిచేయడానికి ఫిల్ము తయారీదారులు దశాబ్దాలు శ్రమపడితే, మనం దానిని కళ పేరుతో మళ్ళీ తెచ్చిపెట్టుకున్నాం.

దీనిని సమర్థించేవాళ్ళు ఎప్పుడూ చెప్పే మాట 'నిజం' అన్నది. ముడతలు నిజమే కదా, వాటిని దాచడం అబద్ధం కదా అంటారు. ముడతలు నిజమే. కానీ ఆయనతో ఎదురుగా కూర్చుని పది నిమిషాలు మాట్లాడిన మనిషికి కనిపించేవి ముడతలు కావు. ఆయన ఎవరి మాట వింటూ తల ఎటు వంచుతారో, ఏ పేరు పలికినప్పుడు ఆగుతారో అవి కనిపిస్తాయి. తాతను రోజూ చూసే మనవరాలిని ఆయన నుదుటి మీద ఎన్ని గీతలున్నాయని అడగండి, చెప్పలేదు. ఎవరికీ కనిపించనంత దగ్గరగా, ఎవరూ చూడనంత సేపు చూపించే దానిని నిజమని పిలవడానికి నాకు మనసొప్పదు.

ఈ సందర్భంలో మన పాత ఫొటో స్టూడియోల పని నాకు పదేపదే గుర్తుకు వస్తుంది. ఫిల్ము రోజుల్లో 'టచింగ్' అని ఒక పని ఉండేది. నెగటివులో నీడ ఉన్న చోటు పలచగా, గాజులాగా ఉంటుంది. వెలుగు ఉన్న చోటు చిక్కగా ఉంటుంది. అంటే ముఖం మీది ముడత నెగటివులో ఒక పలచని గీత. టచింగ్ చేసే మనిషి ఆ నెగటివును వెలుగుకు ఎదురుగా బల్ల మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో ఆ గీతను సన్నసన్న చుక్కలతో నింపేవాడు. ప్రింటు వేసినప్పుడు ఆ చోట నీడ తేలికపడి, ముడత మెత్తబడేది. పూర్తిగా పోగొడితే ముఖం మైనపు బొమ్మలా తయారవుతుందని పనితనం ఉన్నవాడికి తెలుసు, కనుక సగంలో ఆగేవాడు. ఫొటోగ్రఫీ మొదలుపెట్టిన కొత్తలో నేను ఆ ఫొటోలను కృత్రిమమని తీసిపారేసేవాడిని. ఇప్పుడు వాటిని చూస్తుంటే ఒక సంగతి స్పష్టంగా తెలుస్తోంది: ఆ పెన్సిలు పట్టిన మనిషి కుర్చీలో కూర్చున్న మనిషి పక్షాన ఉన్నాడు. మన మీట మన పక్షాన మాత్రమే ఉంది.

జర్మనీలో ఆగస్ట్ సాండర్ అనే ఫొటోగ్రాఫరు మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే వెస్టర్‌వాల్డ్ అనే ప్రాంతంలోని రైతుల ఫొటోలు తీశాడు. వాటిలో వృద్ధులు చాలామంది ఉన్నారు. వాళ్ళు ఆదివారం బట్టలు వేసుకుని, చేతులు సర్దుకుని, కెమెరాలోకి తిన్నగా చూస్తారు. ఆ ఫొటోల్లో ఎక్కువభాగం ఆ కుటుంబాలే డబ్బిచ్చి తీయించుకున్నవి, అంటే మన స్టూడియో ఫొటోల వంటివే. నూరేళ్ళు దాటినా వాటి బలం తగ్గలేదు. మట్టి పనిచేసే చేతులకు ఆ నల్లకోటు ఎంత బిగువుగా ఉందో, అయినా దానిని వేసుకోవాలని ఆయన ఎంత గట్టిగా అనుకున్నాడో ఒకే చూపులో తెలుస్తుంది. ఆ కోటు విప్పించి పొలంలో నిలబెట్టి ఉంటే మనకు ఒక రైతు దొరికేవాడు. ఇప్పుడు ఒక మనిషి దొరికాడు.

దీనికి ఎదురుగా చాలామంది చర్చిల్ ఫొటో కథ చెబుతారు. 1941 డిసెంబరులో కెనడా రాజధాని ఒట్టావాలో యూసఫ్ కార్ష్ అనే ఫొటోగ్రాఫరు ఆయన నోట్లోని చుట్టను హఠాత్తుగా లాగేసి, ఆ క్షణంలో ముఖంలో వచ్చిన చిరాకును ఫొటో తీశాడు. అది ప్రపంచంలోకెల్లా ప్రసిద్ధమైన వ్యక్తుల ఫొటోల్లో ఒకటయింది. మనిషి ఇష్టానికి వదిలేస్తే అలాంటి ఫొటో వస్తుందా అని అడుగుతారు. రాదు. కానీ ఆ రోజుకు చర్చిల్ బ్రిటన్ ప్రధానమంత్రి. ఆయన ఫొటోలు అంతకుముందు వేలున్నాయి, ఆ తరువాతా వేలు వచ్చాయి. ఒక ఫొటోలో ఆయన చుట్ట లాక్కుంటే ఆయనకు పోయేదేమీ లేదు. మా రేవు మనిషికి ఆధార్ కార్డు మీది ఫొటో, పింఛను పుస్తకం మీది ఫొటో, ఎవరిదో పెళ్ళిలో వెనక వరుసలో సగం కనిపించే ముఖం, ఈ మూడే ఉన్నాయి. నాలుగవదిగా నేను తీసినది ఆయన వద్దన్న రూపంలో ఉంది. ఈ రెండింటినీ ఒక త్రాసులో తూచడం న్యాయం కాదు.

చొక్కా విషయం మరికొంత చెప్పాలి. నా పాత ఫొటోలన్నీ ఒక రోజు వరుసగా పెట్టి చూసుకున్నాను. మండువా లోగిళ్ళ వృద్ధులందరూ కండువా సర్దుకుని, పడక్కుర్చీలోనో, చెక్క కుర్చీలోనో కూర్చుని ఉన్నారు. కొబ్బరి దింపు తీసేవాళ్ళు, వలలు లాగేవాళ్ళు, కూలికి వెళ్ళేవాళ్ళు మాత్రం చొక్కా లేకుండా ఉన్నారు. మొదటివాళ్ళు లోపలికి వెళ్ళి తయారై వస్తానంటే నేను అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ వేచి ఉన్నాను. రెండోవాళ్ళు అదే మాట అంటే వద్దన్నాను. ఒకే డెల్టా, ఒకే వయసు, ఒకే కెమెరా. ఎవరి కోసం ఆగాలో, ఎవరి కోసం ఆగనక్కరలేదో నాకు ఎవరూ నేర్పలేదు, అయినా నాకు తెలుసు. ఎలా తెలుసో ఈ ప్రాంతంలో పుట్టినవాళ్ళకు విప్పి చెప్పనక్కరలేదు. నేను ఇక్కడ పురుషుల గురించే రాయడానికి కూడా ఒక కారణం ఉంది. ఏ వృద్ధురాలినీ రవిక విప్పమని అడిగే ధైర్యం ఏ ఫొటోగ్రాఫరుకూ లేదు, కానీ ముసలాయన ఒంటికి ఆ రక్షణ లేదు. పైగా ఆయన ఆ పాటి దానికి నొచ్చుకుంటారని ఎవరూ అనుకోరు.

మన ఇళ్ళలో ఆ ఫొటో చేయబోయే పని ఏమిటో ఆలోచిస్తే ఇది మరింత బరువెక్కుతుంది. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెడతాం. గోడ మీది పటాన్ని దించి, తుడిచి, బొట్టు పెట్టి, దాని ముందు కొత్త పంచె, కండువా పెట్టి, వండినవి వడ్డించి దండం పెట్టుకుంటాం. ఆ మనిషి పోయాక కూడా ఇంటివాళ్ళు ఏటా ఆ ఫొటోకు కొత్త బట్టలు తెస్తారు. వాటి ఎదుట చొక్కా లేని, గడ్డం మాసిన ముఖాన్ని నిలబెట్టమని మనం ఇస్తున్నాం.

పటం సిద్ధంగా లేని ఇళ్ళలో ఏం జరుగుతుందో కూడా చూశాను. మనిషి పోయిన మూడోనాడో, నాలుగోనాడో కొడుకు సెల్‌ఫోను పట్టుకుని స్టూడియోకు వస్తాడు. పెద్దకర్మ నాటికి పటం కావాలి. పెళ్ళి ఫొటోలోంచి ముఖం కత్తిరిస్తారు. పక్కవాడి భుజం ఉన్న చోట నీలం రంగు నింపుతారు. మెడ కింద కంప్యూటరులో సిద్ధంగా ఉన్న తెల్లచొక్కా, కండువా అతికిస్తారు. ఆ చొక్కాతోనే ఆ వీధిలో ఇంకో నాలుగిళ్ళలో నలుగురు పెద్దలు ఉంటారు. ఒకప్పుడు ఇది నాకు నాసిరకం పనిగా తోచేది. నిజానికి ఆ స్టూడియో మనిషి, ఎవరూ ఆగి తీయని ఫొటోను, ఎవరూ తొడగనివ్వని చొక్కాను ఆలస్యంగానైనా సమకూరుస్తున్నాడు.

ఇక పనిలోకి వస్తే, మనిషి కోరినట్టు తీయడం అంటే ఫొటోగ్రాఫరుకు పని లేకపోవడం కాదు, పని రెట్టింపు కావడం. సెల్‌ఫోను ప్రధాన కెమెరా వెడల్పు లెన్సు. దానితో అడుగు దూరం నుంచి ముఖం నిండా తీస్తే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. ఈ వికారం లెన్సు వల్ల కాదు, దూరం వల్ల వస్తుంది. వయసుతో ముక్కు, చెవులు ఎలాగూ సాగుతాయి కనుక వృద్ధుల విషయంలో అది మరీ అన్యాయంగా ఉంటుంది. ఐదారడుగుల దూరంలో నిలబడి 85 మిల్లీమీటర్ల లెన్సుతో తీస్తే ఆయన ఎదురింటి అరుగు మీది స్నేహితుడికి ఎలా కనిపిస్తారో అలా కనిపిస్తారు. కళ్ళజోడులో ఆకాశం మెరుస్తుంటే దానిని తీసేయమనకూడదు. ఆ జోడు లేని ఆయనను ఇంట్లోవాళ్ళు గుర్తుపట్టరు. చెవుల మీది కాడలను కొద్దిగా పైకెత్తితే అద్దాలు కిందికి వాలి మెరుపు పోతుంది.

తెల్లపంచెతో ఇంకో చిక్కు ఉంది. కెమెరాలోని కాంతిమాపకం చట్రంలో ఉన్న దానినంతటినీ కలిపి సగటు బూడిదరంగుగా లెక్కవేస్తుంది. పంచె, కండువా, సున్నం గోడ అన్నీ తెల్లగా ఉంటే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, ఎండలో నల్లబడిన ముఖం మసిబారిపోతుంది. చెంప మీద మాత్రమే కొలత తీసుకుంటే దానికి ఎదురు తప్పు జరుగుతుంది, నలుపు చామనచాయ అవుతుంది. కాబట్టి చెంప మీద కొలిచి, ఆ పైన ఒక స్టాపు, అంటే వెలుగును సగానికి, తగ్గిస్తే ఆయన రంగు ఆయనకు దక్కుతుంది. చాలా సెల్‌ఫోన్లలోని బ్యూటీ ఫిల్టర్లు అడగకుండానే ముఖాలను తెల్లబరుస్తాయి. ముడతలు పెంచడం ఎంత తప్పో, ఆయన కోరకుండా రంగు మార్చడం అంత తప్పు. నల్లగుడ్డు చుట్టూ వయసుతో వచ్చే బూడిదరంగు వలయాన్ని కూడా నేను తుడవను. పక్షవాతం వచ్చిన చేతిని కండువా కిందికి చేర్చుకుంటే మాత్రం ఆ కండువాను పక్కకు తీయమనను.

మండువా నడుమ కూర్చోబెడితే నడినెత్తి వెలుగు పడి కళ్ళు గుంటల్లో మునిగిపోతాయి. వసారా అంచుకు, నీడలోనే, బయటి వైపు ముఖం పెట్టి కూర్చోబెడితే వాకిలి వెలుగు కింది నుంచి కూడా కొంత తిరిగి వచ్చి కళ్ళను వెలిగిస్తుంది. వరి ఊడ్చిన రోజుల్లో ఇంటి ముందు చేలో నీళ్ళుంటే ఆ వెలుగును మించినది ఏ స్టూడియోలోనూ లేదు.

మనిషి బిగుసుకుపోతారని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కొయ్యబారిపోతారని ఫొటోగ్రాఫర్లు విసుక్కుంటారు. నేనూ విసుక్కున్నాను. వసిష్ఠ పాయ వైపు ఒక ఊళ్ళో ఒక రైతును తీసేటప్పుడు ఆ బిగువు పోగొట్టడానికి 1986 ఆగస్టు వరద గురించి అడిగాను. ఈ డెల్టాలో ఆ వయసు మనిషి దగ్గర కాలానికి మూడు గుర్తులుంటాయి: 1953 వరద, 1986 వరద, 1996 నవంబరు తుపాను. ఆయన చెయ్యి పైకెత్తి, గోడ మీద నీరు ఎంత ఎత్తున నిలిచిందో చూపిస్తూ, గొడ్లను విప్పి వదిలేసిన రాత్రి గురించి చెబుతూ ఎటో చూశారు. ఆ క్షణాన్ని తీశాను. ఆ రోజుకు అదే గొప్ప ఫొటో అనుకున్నాను. వారం తరువాత రెండూ తీసుకెళ్ళి చూపిస్తే ఇంటిల్లిపాదీ మొదటిదానినే, ఆ కొయ్యబారిన దానినే ఎంచుకున్నారు. నాకు నిరాశ కలిగింది. ఆ నిరాశ పోవడానికి చాలాకాలం పట్టింది. రెండో ఫొటోలో ఆయన నాకు ఒక కథ చెబుతున్నారు. మొదటిదానిలో ఆయనకు నేను అసలు కనిపించడం లేదు. లెన్సు వెనకాల, రేపో ఎల్లుండో ఆ గోడకు ఎదురుగా నిలబడబోయే మనవల వైపు చూస్తున్నారు. ఆ చూపుకు వెన్ను నిటారుగా ఉండాలి, చేతులు కుదురుగా ఉండాలి. అది కొయ్యబారడం అనుకున్నది నేను.

దీనికి మినహాయింపు లేదని అనను. అమెరికన్ ఫొటోగ్రాఫరు రిచర్డ్ అవెడాన్ 1969 నుంచి 1973 వరకు తన తండ్రి జబ్బుతో కృశించిపోవడాన్ని వరుసగా ఫొటోలు తీసి, 1974లో న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియంలో ప్రదర్శించాడు. వాటిలో ఏ మెత్తదనమూ లేదు. వాటిని చూసినప్పుడల్లా నా వాదన కాస్త కదులుతుంది. కానీ అవి తండ్రీకొడుకుల మధ్య ఏళ్ళ తరబడి సాగినవి. రేవులో అరగంట ఆగి, పేరు కూడా అడగకుండా వచ్చేసినవాడు వాటిని తనకు ఆధారంగా చూపుకోలేడు.

ప్రింటు ఇవ్వడం గురించి ఒక్క మాట. ఫొటో తీసి ప్రింటు ఇవ్వనివాడు పని సగంలో వదిలేసినట్టే. ఇచ్చేటప్పుడు మన తేమను గుర్తుపెట్టుకోవాలి. అద్దానికి నేరుగా అతుక్కున్న ప్రింటు రెండు వానాకాలాల్లో అద్దానికి కరుచుకుపోతుంది, ఆ తరువాత విడదీస్తే ముఖం ఊడి వస్తుంది. మధ్యలో దళసరి అట్టతో ఖాళీ వదలాలి, వాన జల్లు కొట్టే బయటి గోడకు తగిలించవద్దని చెప్పి రావాలి.

ఆ కూతురి ప్రశ్న తరువాత నేను మళ్ళీ వస్తానని చెప్పి, రెండు వారాలకు వెళ్ళాను. ఆయన ఇంట్లో లేరు, మంగలి దగ్గరికి వెళ్ళారని చెప్పింది కూతురు. గంట దాటింది. నున్నగా గీయించుకుని, చెంప మీద పటిక రుద్దిన తెల్లని చారతో, తల దువ్వుకుని వచ్చారు. పెట్టెలోంచి ఇస్త్రీ మడత విప్పని తెల్లచొక్కా తీసి తొడుక్కున్నారు. పై గుండీ పట్టకపోతే కూతురు పెట్టింది. "చుట్ట వద్దాండీ?" అని ఆయనే అడిగారు. "మీ ఇష్టమండి" అన్నాను. చుట్టను కిటికీలో పెట్టి వచ్చి, ప్లాస్టిక్ కుర్చీ కాదని పక్కింటి నుంచి చెక్క కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. నేను ఏమీ చెప్పలేదు. పన్నెండు ఫొటోలు తీశాను, ఆయన తొమ్మిదోది ఎంచుకున్నారు.

ఫ్రేము కట్టించి తీసుకెళ్ళిన రోజున దానిని రెండు చేతులతో పట్టుకుని, దూరం పెట్టి, దగ్గరికి తెచ్చి చాలాసేపు చూశారు. మేకు కొట్టడానికి కూతురు సుత్తి తేబోతే, "ఇప్పుడెందుకే" అన్నారు. పాత పంచెలో చుట్టి, ట్రంకుపెట్టె అడుగున బట్టల మధ్య, వేపాకులు వేసి పెట్టారు. పెట్టెకు తాళం వేసి, చెవి కూతురి చేతిలో పెట్టి, "యాడుందో సూసుకున్నావుగా" అన్నారు.